పి.ఎస్.ఎ. పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు – మన పెన్షనర్లకు దాని అవసరమెంత?

మన సంఘం సభ్యులు నలుగురు ఒకచోట చేరితే మొదట వచ్చే మాట డి.ఎ. బకాయిలు. రెండవది ఇదివరకు షుగరో, మోకాళ్ళ నొప్పులో అయ్యేది. ఈ కొన్నేళ్ళుగా "మీకు పి.ఎస్.ఎ. ఎంత వచ్చింది?" అనే ప్రశ్న కూడా వచ్చి చేరింది. పండక్కి వచ్చిన పిల్లలు తల్లిదండ్రులను ఒంగోలు తీసుకువెళ్ళి ప్యాకేజీ పరీక్షలు చేయిస్తున్నారు. నాలుగైదు పేజీల రిపోర్టు చేతికి వస్తుంది. అందులో పి.ఎస్.ఎ. అనే వరుసకు ఎదురుగా అంకె 4 దాటి ఉంటే ఆ రాత్రి నుంచి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

నేను వైద్యుణ్ణి కాను. తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన తరువాత మండల కార్యాలయాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక కాగితం ముందుకు వచ్చినప్పుడు అది ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, ఇప్పుడు ఎవరికి వర్తింపజేస్తున్నారు అని పాత ఫైలు తిరగేయడం మా ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆ అలవాటుతోనే ఈ పరీక్ష చరిత్రను ప్రత్యేక సంచిక పాఠకుల ముందు పెడుతున్నాను.

గ్రంథి సంగతి

ప్రోస్టేటు గ్రంథి మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. తెలుగులో పౌరుష గ్రంథి అంటున్నారు. వయసు మీరేకొద్దీ ఇది ఉబ్బుతుంది. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడడం, వెళ్ళివచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం చాలామందిలో ఈ మామూలు వాపు వల్ల వచ్చే బాధలే, క్యాన్సరు వల్ల కాదు. ఇది కొత్త జబ్బేమీ కాదు. సుశ్రుత సంహితలో మూత్రాఘాతాలను వర్ణించిన చోట వాతాష్ఠీల అనే రోగం ఉంది. గట్టి గడ్డ ఒకటి మూత్రం దారిని అడ్డగించడం దాని లక్షణం. ఆయుర్వేద పండితులు దీనిని నేటి ప్రోస్టేటు వాపుతో పోలుస్తారు.

ఈ గ్రంథిలో తయారయ్యే ఒక ప్రోటీను కొద్దిగా రక్తంలోకి కూడా చేరుతుంది. దాని పేరే పొడి అక్షరాలలో పి.ఎస్.ఎ. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇది గ్రంథి గుర్తే గాని క్యాన్సరు గుర్తు కాదు. గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చినా, మూత్రం బంధించి ట్యూబు వేసినా అంకె పెరుగుతుంది.

అరుదైన జబ్బు అనుకున్న కాలం

1853లో లండన్ నగరంలో జాన్ ఆడమ్స్ అనే శస్త్రవైద్యుడు ప్రోస్టేటు క్యాన్సరును సూక్ష్మదర్శినితో చూసి నిర్ధారించి, ఇది చాలా అరుదైన జబ్బు అని రాశాడు. అప్పటి మనుషులు ఆ జబ్బు బయటపడే వయసు దాకా బతకడమే తక్కువ. 1904లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ క్యాన్సరు పట్టిన గ్రంథిని మొత్తంగా తీసివేసే ఆపరేషను చేశాడు.

1935లో అదే జాన్స్ హాప్కిన్స్‌లో ఆర్నాల్డ్ రిచ్ అనే వైద్యుడు ఒక విచిత్రం బయటపెట్టాడు. వేరు వేరు కారణాలతో చనిపోయిన, యాభై దాటిన 292 మంది మగవారి శవపరీక్షల్లో ప్రోస్టేటును పరిశీలిస్తే 41 మందిలో చిన్న చిన్న క్యాన్సర్లు కనిపించాయి. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియకుండా జీవితం గడిచిపోయింది. అంటే ఈ క్యాన్సరులో రెండు రకాలున్నాయి. ఒకటి ఎముకలకు పాకి మనిషిని తీసుకుపోయేది. రెండవది నత్తలా పాకుతూ, మనిషి ఇంకో కారణంతో పోయేదాకా గ్రంథిలోనే పడి ఉండేది. ఈ రెండింటినీ ముందుగా విడదీయడం ఎలాగన్నదే ఈ తొంభై ఏళ్ళ చరిత్ర అంతటికీ మూలప్రశ్న.

1941లో షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగ్గిన్స్ ఇంకొక మేలు చేశాడు. ఈ క్యాన్సరుకు మగ హార్మోనే ఆహారమని, వృషణాలను తొలగించినా, హార్మోనును అణచే మందు ఇచ్చినా ఎముకలకు పాకిన దశలో సైతం నొప్పి తగ్గి రోగి లేచి తిరుగుతాడని చూపించాడు. దానికి 1966లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఈ విషయం దిగువన మన ప్రాంతం గురించి చెప్పేటప్పుడు మళ్ళీ అవసరపడుతుంది.

ఒక పనికి పుట్టి మరొక పనికి వెళ్ళిన పరీక్ష

1970లో రిచర్డ్ ఆబ్లిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రోస్టేటుకు ప్రత్యేకమైన ప్రోటీనును గురించి ప్రకటించాడు. 1979లో బఫెలో నగరంలోని రోజ్‌వెల్ పార్క్ సంస్థవారు దానిని శుద్ధిచేసి వేరు చేశారు. 1986లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఈ రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి దేనికి? అప్పటికే క్యాన్సరు ఉందని తేలినవారిలో చికిత్స తరువాత జబ్బు తిరగబెట్టిందా అని కనిపెట్టి ఉండడానికి. ఆ పనికి ఇది చాలా మంచి పరీక్ష. ఈనాటికీ మంచిదే.

కాని ఉత్తర్వు ఒకందుకు వస్తే వాడకం మరొకందుకు పోవడం మనకు తెలియనిది కాదు. ఏ జబ్బూ తెలియని ఆరోగ్యవంతులకు కూడా ఈ పరీక్ష చేయడం మొదలైంది. 1992 నాటికి అమెరికాలో కొత్తగా బయటపడిన ప్రోస్టేటు క్యాన్సర్ల సంఖ్య ఆకాశాన్నంటింది. 1994లో గాని యాభై దాటినవారిలో క్యాన్సరును పట్టుకోవడానికి వాడవచ్చునన్న అనుమతి రాలేదు. అంటే వాడకం ముందు, అనుమతి వెనుక.

4 అనే హద్దు సంగతి కూడా చెప్పాలి. అది దాటితే క్యాన్సరు, దాటకపోతే లేదు అనుకోవడం తప్పు. హద్దు దాటి బయాప్సీ చేయించుకున్నవారిలో సుమారు నలుగురిలో ముగ్గురికి క్యాన్సరు లేదని యూరపు పరిశోధనలో తేలింది. మరోవైపు 2004లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, 4 లోపలే ఉన్నవారికి బయాప్సీ చేస్తే వందకు 15 మందిలో క్యాన్సరు కనిపించింది. మరి బయాప్సీ అంటే సూదితో గ్రంథి ముక్కలు పది పన్నెండు తీయడం. రక్తం పడడం, ఒక్కొక్కరికి ఇన్ఫెక్షనుతో ఆసుపత్రిలో చేరవలసి రావడం ఉన్నాయి. పరీక్షను కనుగొన్నవారిలో ఒకరైన ఆబ్లిన్ గారే 2010లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాసి, ఆరోగ్యవంతులందరికీ ఈ పరీక్ష చేయడం ప్రజారోగ్యానికి పెద్ద అనర్థమని మొత్తుకున్నారు.

రెండు ఖండాల లెక్కలు

ఆరోగ్యవంతులను గాలించి జబ్బు వెతకడాన్ని స్క్రీనింగు అంటారు. దానికి ఉండవలసిన నియమాలను 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు క్రోడీకరించారు. జబ్బు నడక మనకు తెలిసి ఉండాలి, ఎవరికి చికిత్స చేయాలో ఒప్పుదల ఉండాలి, చికిత్సకు సౌకర్యం ఉండాలి అన్నవి వాటిలో కొన్ని. నత్త నడక జబ్బును, దూకుడు జబ్బును విడదీయలేనంత కాలం ప్రోస్టేటు విషయంలో మొదటి రెండు నియమాల దగ్గరే చిక్కు.

నిజం తేల్చడానికి 1990 దశకంలో రెండు పెద్ద పరిశోధనలు మొదలయ్యాయి. 2009లో రెంటి ఫలితాలూ ఒకేసారి వచ్చాయి. అమెరికాలో పది కేంద్రాలలో 76,693 మందితో చేసిన దానిలో పరీక్ష చేసినవారికీ చేయనివారికీ మరణాల్లో తేడా కనిపించలేదు. అయితే చేయనివారి జాబితాలో ఉన్నవారు కూడా చాలామంది బయట పరీక్ష చేయించుకోవడంతో ఆ లెక్క బలహీనపడింది. యూరపులో 55–69 ఏళ్ళ మధ్య వయసువారు 1,62,000 మందితో చేసిన దానిలో ఆ క్యాన్సరు మరణాలు అయిదో వంతు తగ్గాయి. కాని ఒక మరణం తప్పాలంటే 1,410 మందిని పరీక్షించి, 48 మందికి అదనంగా చికిత్స చేయవలసి వచ్చింది.

2025 అక్టోబరులో యూరపు పరిశోధన 23 ఏళ్ళ ఫలితం ప్రకటించారు. ఇప్పుడు తగ్గుదల వందకు 13. పరీక్షకు పిలిచిన 456 మందికి ఒక మరణం తప్పింది. క్యాన్సరు బయటపడినవారి లెక్కన చూస్తే 12 మందికి ఒక మరణం. కాలం గడిచినకొద్దీ లాభం పెరిగింది. కనుక ఈ పరీక్ష పనికిరానిదని ఎవరైనా అంటే అది నిజం కాదు. బ్రిటనులో ఒకే ఒక్కసారి పరీక్షకు పిలిచి 15 ఏళ్ళు గమనించిన మరో పరిశోధన 2024లో వెలువడింది. అందులో మరణాలు వందకు 0.78 నుంచి 0.69కి తగ్గాయి. లాభం ఉంది, కాని వెయ్యికి ఒక్కరు కూడా లేరు.

ఈ లెక్కలను మన వయసువారు ఒకసారి నెమ్మదిగా చదవాలి. లాభం కనబడడానికి పది పదిహేనేళ్ళు, పూర్తిగా కనబడడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది. అదీ 55–69 ఏళ్ళ మధ్య పరీక్షకు పిలిచినవారిలో. నష్టం మాత్రం బయాప్సీ నాడే మొదలవుతుంది. లాభం డెబ్బై ఆరేళ్ళవాడికి తొంభై తొమ్మిదో ఏట చేతికి వచ్చే కమ్యుటేషను లాంటిది.

అందుకే అమెరికాలో ఇలాంటి సలహాలిచ్చే నిపుణుల సంఘం 2008లో 75 దాటినవారికి స్క్రీనింగు వద్దన్నది. 2012లో ఎవరికీ వద్దన్నది. 2018లో సవరించి, 55–69 వయసువారు డాక్టరుతో లాభనష్టాలు మాట్లాడుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవాలని, 70 దాటినవారికి వద్దని చెప్పింది.

2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు బైడెన్ గారికి ఎనభై రెండేళ్ళ వయసులో, ఎముకలకు పాకిన ప్రోస్టేటు క్యాన్సరు బయటపడింది. ఆయన చివరి పి.ఎస్.ఎ. పరీక్ష 2014లో జరిగిందని ఆయన కార్యాలయం చెప్పింది. అంత పెద్దాయనకే పరీక్ష మానేశారా అని చాలామంది ఆశ్చర్యపడ్డారు. డెబ్బై దాటాక స్క్రీనింగు మానేస్తే ఎక్కడో ఒకరికి ఇలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఒకరికి తప్పే ఆపదకు ఎందరు ఎంత మూల్యం చెల్లించాలన్నదే లెక్క. ఆ లెక్కలో నిపుణులు ఇటు మొగ్గారు.

డెట్రాయిట్‌లో ఒక తెలుగు పేరు

ఈ చరిత్రలో మన తెలుగు పేరు ఒకటి ఉంది. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పైన చెప్పిన అమెరికా పరిశోధనలోని పది కేంద్రాలలో ఒకటి. అక్కడే తెలుగువారైన పారిశ్రామికుడు రాజ్ వట్టికూటి గారు 2001లో ఇచ్చిన పెద్ద విరాళంతో వట్టికూటి యూరాలజీ సంస్థ వెలసింది. కేరళకు చెందిన డాక్టర్ మణి మీనన్ గారి నాయకత్వంలో, రోబో సాయంతో ప్రోస్టేటును తొలగించే ఆపరేషను లోకానికి నేర్పిన చోట్లలో అది ముందు వరుసలో నిలిచింది. రక్తస్రావం తగ్గింది, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి.

అయితే ఆపరేషను ఎంత నేర్పుగా చేసినా అసలు ఎవరికి చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. బ్రిటనులో 1,643 మంది రోగులను మూడు భాగాలు చేసి, కొందరికి ఆపరేషను, కొందరికి రేడియేషను చేసి, మిగిలినవారిని ఊరికే గమనిస్తూ వచ్చారు. 2023లో 15 ఏళ్ళ ఫలితం వచ్చింది. మూడు భాగాలలోనూ ఈ క్యాన్సరుతో పోయినవారు వందకు ముగ్గురి లోపో, కాస్త అటూ ఇటూనో. ఆపరేషను అయినవారిలో మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం ఎక్కువ. ఈ చికిత్సకు దిగే ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని వినవలసిన సంగతులివి.

ఇప్పుడు మరో మార్పు వచ్చింది. అంకె పెరిగితే తిన్నగా సూది వేయకుండా ముందు ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానం ఉన్నచోటనే ముక్క తీస్తున్నారు. నెమ్మది రకమని తేలితే కోయకుండా గమనిస్తూ ఉంటున్నారు. వీటివల్ల అనవసరపు చికిత్స తగ్గుతోంది.

మన పొదిలి ప్రాంతం సంగతి

ఇంతవరకు చెప్పినది ఏ ఊరివారికైనా పనికివచ్చేదే. ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైనది చెబుతాను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1937లో మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ వ్యాధి గురించి షార్ట్ అనే వైద్యుడు, తోటివారు వెలువరించిన పరిశోధన ఆనాటి నెల్లూరు జిల్లా గురించినదే. నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుని వెన్ను బిగుసుకుపోవడం మన పల్లెల్లో ఎరగనివారు లేరు.

చిక్కు ఇక్కడే ఉంది. ప్రోస్టేటు క్యాన్సరు పాకేది కూడా ముఖ్యంగా నడుము, తుంటి, వెన్నెముకలకే. చాలా క్యాన్సర్లు ఎముకను తినివేస్తే, ఇది ఎముకను గట్టిపరచి ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేట్టు చేస్తుంది. ఫ్లోరోసిస్ కూడా ఎక్స్‌రేలో ఎముకను తెల్లగానే చూపిస్తుంది. ఎముకలు అలా తెల్లబడడానికి వైద్య గ్రంథాలు చెప్పే కారణాలలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. మన వైపు ముసలాయన నడుం పట్టేసిందంటే ఇంట్లోవారు, ఊళ్ళోవారు "ఫ్లోరైడు నీళ్ళు గదా" అని తేల్చేస్తారు. రాత్రిళ్ళు పదేపదే లేస్తున్నాడంటే "వయసు గదా" అంటారు. ఈ రెండు సమాధానాల మధ్య అసలు జబ్బు దాక్కుంటుంది.

మాతో పనిచేసిన ఒక మిత్రుడు రిటైరైన ఆరేడేళ్ళకు నడుం నొప్పితో మంచం పట్టాడు. ఏడాదికి పైగా నొప్పి మాత్రలు, తైలాలు, పట్టీలు వాడారు. చివరికి ఒక డాక్టరుగారు వేలితో పరీక్షించి, పి.ఎస్.ఎ. రాయించారు. అంకె వందల్లో వచ్చింది. వృషణాలు తొలగించే చిన్న ఆపరేషను చేశారు. నెల తిరక్కుండా చేతికర్రతో వీధి చివరిదాకా నడిచాడు. మూడేళ్ళకు పైగా మనుమలతో గడిపి వెళ్ళిపోయాడు. 1941 నాటి హగ్గిన్స్ వైద్యమే అది. నొప్పి మొదలైన నెలలోనే చేసి ఉంటే ఆ ఏడాది మంచం తప్పేది. అదే కాలంలో, ఏ బాధా లేని మరో మిత్రుడు ప్యాకేజీలో వచ్చిన 5.2 అంకె పట్టుకుని రెండు నగరాలు తిరిగి, బయాప్సీ చేయించుకుని, జ్వరంతో వారం ఆసుపత్రిలో ఉండి, ఏమీ లేదనిపించుకుని వచ్చాడు.

నా వ్యాసం మొత్తానికి చెప్పదలచుకున్నది ఇదే. పరీక్ష కావలసినవాడికి అందడం లేదు. అక్కర లేనివాడికి ప్యాకేజీలో కట్టి ఇస్తున్నారు.

ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటినవారికి షుగరు, రక్తపోటుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగు చేస్తున్నారు. ప్రోస్టేటు అందులో లేదు. అది నిర్లక్ష్యం కాదని పై చరిత్ర చదివినవారు గ్రహిస్తారు. పొగాకు వేలం కేంద్రం ఉన్న మన ఊళ్ళో, చుట్ట, గుట్కా, జర్దా అలవాటున్న మగవారు నోరు తెరిచి చూపించుకోవడమే ముందు జరగవలసిన పని. దానికి ఖర్చు లేదు, సూది లేదు.

ఇక మనం చేయవలసినది

ఒకటి. మూత్రంలో రక్తం, ధార ఆగిపోవడం, రాత్రి పడుకున్నా తగ్గని నడుము, తుంటి నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం – వీటిలో ఏది ఉన్నా వయసు ఎంతైనా డాక్టరు దగ్గరకు వెళ్ళి "ప్రోస్టేటు కూడా చూడండి" అని అడగాలి. ఇది స్క్రీనింగు కాదు, వైద్యం. నడుం నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పితే, మూత్రం బంధిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే కాళ్ళు తిరిగి రాకపోవచ్చు.

రెండు. డెబ్బై దాటి, ఏ బాధా లేనివారు ఏటేటా పి.ఎస్.ఎ. చేయించుకోవలసిన పని లేదు. నాకిప్పుడు డెబ్బై ఆరు. పోయిన సంక్రాంతికి మా అబ్బాయి ప్యాకేజీ రాయిస్తుంటే ఆ ఒక్క పరీక్షను కొట్టివేయించి, కళ్ళు, చెవులు, రక్తపోటు చూపించుకున్నాను.

మూడు. మన కొడుకులు, అల్లుళ్ళు 55–69 మధ్యలో ఉంటే డాక్టరుతో మాట్లాడి వారే నిర్ణయించుకోవాలి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే, లేదా ఇంటి ఆడవారిలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు చిన్న వయసులో వచ్చి ఉంటే, ఆ మాట నలభై అయిదేళ్ళకే డాక్టరు చెవిన వేయాలి.

నాలుగు. చేయించుకున్నవారు ఒక్క అంకెతో బెదిరిపోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షను ఉంటే తగ్గాక, కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయించాలి. అప్పటికీ ఎక్కువే ఉంటే బయాప్సీకి ముందు ఎం.ఆర్.ఐ. సంగతి అడగాలి. ప్రోస్టేటు వాపుకు ఫినాస్టెరైడు, డ్యూటాస్టెరైడు మాత్రలు కొన్ని నెలలుగా వాడేవారికి అంకె సగానికి పడిపోతుంది. వారికి 3 వస్తే 6 అని లెక్క. మాత్రల చీటీ డాక్టరుకు తప్పక చూపాలి.

అయిదు. ఇంటి ఆడపడుచులకు ఒక మనవి. మగవారు ఈ బాధలు సిగ్గుపడి చెప్పుకోరు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నదీ, ఎక్కడ చెయ్యి పెట్టుకుని మూలుగుతున్నదీ మీకే తెలుస్తుంది. డాక్టరు దగ్గర ఆ మాట మీరు చెప్పండి.

మన సంఘం ఈసారి ఆరోగ్య శిబిరం పెట్టేటప్పుడు అందరికీ పి.ఎస్.ఎ. అని బ్యానరు కట్టకుండా, నడుం నొప్పి, మూత్రబాధ ఉన్న పెద్దలను విడిగా కూర్చోబెట్టి ఒక డాక్టరుగారు తీరిగ్గా చూసే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మన పల్లెల్లో ఫ్లోరైడు పేరు మీద మంచానికి అంటుకుపోయిన పెద్దలలో ఒక్కరైనా దానివల్ల లేచి నడిస్తే ఈ ప్రత్యేక సంచిక వేసిన ఖర్చు వసూలైనట్లే.